పిట్టను చూడటం ఎలా? కాలి వేళ్లతో మొదలుపెట్టి గూటి దాకా

పక్షుల్ని గమనించడం కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు దాదాపు అందరూ ముందు రంగు చూస్తారు. నల్లగా ఉంది, తోక కింద ఎర్రగా ఉంది అనుకుని ఫోన్‌లో వెతుకుతారు. పేరు దొరకగానే పని అయిపోయిందనుకుంటారు. నేను చెప్పే పద్ధతి దీనికి తలకిందులు. ముందు కాళ్లు చూడాలి, తర్వాత ముక్కు, ఆ తర్వాత గొంతు, నడవడి. పేరు సంగతి చివర్లో. రంగు వెలుతురును బట్టి, వయసును బట్టి, నెలను బట్టి మారిపోతుంది. కాలి వేళ్లు మారవు. ఇందుకోసం అడవికి పోనక్కర్లేదు, పిట్టగోడ మీద కాకి చాలు.

ముందుగా: ఏది ఏ గుంపు?

ప్రపంచంలో దాదాపు 11,000 పక్షి జాతులు ఉన్నాయి. వాటిలో సగానికి పైగా ఒకే క్రమానికి, అంటే ఒకే పెద్ద గుంపుకు చెందినవి. దాన్ని శాస్త్రవేత్తలు పాసెరిఫార్మిస్ అంటారు. కొమ్మను గట్టిగా పట్టుకుని వాలే కాలు వీటన్నిటికీ ఉమ్మడి గుర్తు, అందుకే వీటిని వాలే పక్షులు అందాం. పిచ్చుక, కాకి, గోరువంక, పిగిలిపిట్ట (బుల్‌బుల్), పసుల పోలిగాడు (డ్రాంగో), తేనెపిట్ట, గిజిగాడు, నల్లంచి (ఇండియన్ రాబిన్), జీనువాయి (మునియా), దర్జీ పిట్ట అన్నీ ఈ గుంపులోవే.

తమాషా ఏమిటంటే, మన రెండు రాష్ట్రాల పక్షులకూ ఇందులో చోటు లేదు. తెలంగాణ పాలపిట్ట వేరే క్రమం, 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ఉన్న రామచిలుకదీ వేరే క్రమమే. లకుముకి, వడ్రంగి పిట్ట, పావురం, కోయిల కూడా బయటివే. చెట్టు మీద వాలిందల్లా ఈ గుంపు కాదు.

తేడా పట్టుకోవడానికి కరెంటు తీగలు మంచి చోటు. తీగ మీద స్వాలో పిట్టలు బారులు తీరి కూర్చుంటాయి. వాటిలాగే కనిపించే స్విఫ్టులు మాత్రం సాయంత్రమంతా ఆకాశంలో గిరగిరా తిరుగుతూనే ఉంటాయి గానీ తీగ మీద వాలవు. స్విఫ్టు కాలు గోడకో, తాటాకు అడుగుకో గోళ్లతో పట్టి వేలాడటానికి తయారైంది. దానికి సన్న తీగ మీద కూర్చోవడం చేతకాదు. స్వాలో పాసెరిఫార్మిస్, స్విఫ్టు కాదు. రెక్కలు ఎంత ఒకేలా ఉన్నా కాళ్లు నిజం చెప్పేస్తాయి.

మొదటి మెట్టు: చోటు, వేళ

తెల్లవారాక మొదటి గంట, ఎండ తగ్గాక సాయంత్రం ఒక గంట. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. ఎదురెండలో ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. బైనాక్యులర్ కొనేటట్టయితే 8x42 గానీ 8x30 గానీ (రెండూ 8 రెట్లు పెద్దగా చూపిస్తాయి) తీసుకోండి, అంతకు మించి పెద్దగా చూపించేది అయితే చేయి వణికి బొమ్మ నిలవదు. బాల్కనీలో లోతు తక్కువ ఉన్న మట్టి మూకుడులో నీళ్లు పెడితే వేసవిలో పిట్టలే వస్తాయి. నీళ్లు రోజూ మార్చండి, లేకపోతే దోమలు పెరుగుతాయి. మొదట్లో ఒకే జాతిని ఎంచుకుని దాన్నే వారం పాటు చూడమని నా సలహా. పిగిలిపిట్ట అయితే బాగుంటుంది, దానికి మనుషులంటే పెద్దగా బెదురు లేదు.

రెండో మెట్టు: కాళ్లు

వాలిన పిట్టను ఎదురు నుంచి కాకుండా పక్క నుంచి చూడండి. మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి ఉంటాయి. ఆ వెనక వేలు మన బొటనవేలికి సమానం. నాలుగు వేళ్లూ ఒకే ఎత్తులో మొదలవుతాయి కాబట్టి కొమ్మను రెండు వైపుల నుంచీ బిగించి పట్టుకోగలదు. కోడికీ మూడు ముందుకు, ఒకటి వెనక్కే గానీ దాని వెనక వేలు కాస్త పైన ఉంటుంది. చిలుకకు, వడ్రంగి పిట్టకు, కోయిలకు రెండు ముందుకు, రెండు వెనక్కి. లకుముకికి ముందు వేళ్లు కొంత దూరం అతుక్కుని ఉంటాయి. ఇంత చూస్తే చాలావరకు గుంపు తేలిపోతుంది.

ఇక కాలు మడత. పిట్ట మోకాలు వెనక్కి వంగుతుందని చాలామంది అనుకుంటారు. బయటికి కనిపించే ఆ మడత మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పొట్ట పక్కన ఈకల్లో దాగి ఉంటుంది, మన మోకాలిలాగే ముందుకే వంగుతుంది. అంటే పిట్ట ఎప్పుడూ మునివేళ్ల మీద నిలబడి ఉన్నట్టే లెక్క.

వేళ్లు ఎలా ముడుచుకుంటాయో కళ్లారా చూడాలంటే చికెన్ షాపులో కోడి కాళ్లు అడిగి తెచ్చుకోండి. కోసిన చివర తెల్లటి గట్టి నరాల్లాంటివి కనిపిస్తాయి. అవి నరాలు కావు, కండను ఎముకకు కలిపే స్నాయువులు. పట్టకారుతో ఒక్కొక్కటీ లాగి చూడండి. కాలి వెనక వైపువి లాగితే వేళ్లు ముడుచుకుంటాయి, ముందు వైపుది లాగితే తెరుచుకుంటాయి. సైకిల్ బ్రేకు తీగ పని చేసే తీరే ఇది: కండ ఎక్కడో పైన మోకాలి దగ్గర ఉంటుంది, పట్టు మాత్రం కింద వేళ్ల దగ్గర పడుతుంది. బరువైన కండలన్నీ ఒంటి దగ్గరే ఉండటంతో కాలు పుల్లలా సన్నగా, తేలిగ్గా ఉంటుంది. పిల్లలకు సైన్స్ పాఠం చెప్పడానికి ఇంతకంటే చవకైన పరికరం నాకు తెలియదు.

దీంతో పాటే ఒక మాట తరచుగా వినిపిస్తుంది. పిట్ట కొమ్మ మీద కుదురుగా కూర్చోగానే బరువుకు మడమ వంగి, స్నాయువులు బిగుసుకుని, వేళ్లు వాటంతటవే తాళం పడతాయని, అందుకే నిద్రలో పడిపోదని అంటారు. స్నాయువు మీద గరుకు, దాని తొడుగు లోపల గాట్లు ఉండి ఒకదాన్నొకటి పట్టుకునే ఏర్పాటు చాలా పక్షుల్లో ఉన్న మాట నిజం. కానీ స్టార్లింగుల మీద చేసిన పరీక్షల్లో, నిద్రపోయే పక్షి వేళ్లు పెద్దగా ముడుచుకోలేదు. అవి అరికాలి మెత్త మీద బరువు మోపి తూకంతో నిలబడ్డాయి. గోరువంకకు స్టార్లింగు దగ్గరి బంధువే. కాబట్టి ‘ఆటోమేటిక్ తాళం’ కథను కాస్త అనుమానంతోనే వినండి.

నేల మీదికి దిగినప్పుడు ఇంకో గుర్తు దొరుకుతుంది. పిచ్చుక రెండు కాళ్లూ కలిపి గెంతుతుంది. గోరువంక అడుగు తర్వాత అడుగు వేస్తూ దర్జాగా నడుస్తుంది. కాకి మామూలుగా నడుస్తుంది, తొందర వస్తే గెంతుతుంది. దూరం నుంచి రంగు తెలియకపోయినా ఈ నడక తెలుస్తుంది.

మూడో మెట్టు: ముక్కు

ముక్కు చూస్తే తిండి తెలుస్తుంది. పిచ్చుకది, జీనువాయిది పొట్టిగా, మొదట్లో లావుగా ఉండే ముక్కు. గుప్పెడు వరిగింజలు చల్లి దగ్గర్లో కూర్చోండి. గింజను ముక్కు అంచుల మధ్య నాలుకతో దొర్లిస్తూ పొట్టు ఒలిచి కింద పడేస్తుంది, లోపలి గింజనే మింగుతుంది. కాసేపటికి నేల మీద పొట్టు మిగులుతుంది. అయితే అదే పిచ్చుక పిల్లలకు మాత్రం పురుగులు పెడుతుంది. గోదావరి జిల్లాల్లో ఇళ్ల ముందు, గుళ్లలో వరికంకుల కుచ్చులు కట్టే అలవాటు చాలా మంచిది, కానీ పురుగుమందు కొట్టిన పెరట్లో కుచ్చు ఒక్కటీ పిచ్చుక సంసారాన్ని నిలబెట్టలేదు.

తేనెపిట్టది సన్నగా కిందికి వంగిన ముక్కు. దీన్ని చూసి ‘హమ్మింగ్ బర్డ్’ అని ఫొటోలు పెట్టేవాళ్లు బోలెడు మంది. హమ్మింగ్ బర్డ్స్ అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు. తేడా మళ్లీ కాళ్లలోనే ఉంది: తేనెపిట్ట అప్పుడప్పుడూ క్షణకాలం గాల్లో నిలిచినా, ఎక్కువగా పువ్వు పక్కన కొమ్మను పట్టుకుని వాలే తాగుతుంది.

పసుల పోలిగాడి ముక్కు మొదట్లో మీసాల్లాంటి గట్టి వెంట్రుకలు ఉంటాయి. నిజానికి అవి మారిన ఈకలు. ఎగిరే పురుగుల్ని గాల్లోనే పట్టే పక్షుల్లో ఇలాంటివి తరచుగా కనిపిస్తాయి. మేసే గేదె వీపు మీద ఇది ఎందుకు కూర్చుంటుందో ఐదు నిమిషాలు చూస్తే అర్థమవుతుంది: గేదె అడుగు వేసినప్పుడల్లా గడ్డిలోంచి మిడతలు లేస్తాయి.

నాలుగో మెట్టు: ఈకలు

ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు, మూడు విషయాలు చాలు. మొదటిది, తోక మొదట్లో పైన ఒక నూనె గ్రంథి ఉంటుంది. పిట్ట ముక్కును అక్కడ రుద్ది, ఆ నూనెను ఈక ఈకకూ పట్టిస్తుంది. స్నానం చేసిన పిగిలిపిట్టను చూస్తే ఈ పని మొత్తం కనిపిస్తుంది. రెండోది, పిచ్చుకలు మట్టిలో పొర్లడం ఆట కాదు, అదీ ఈకల శుభ్రతలో భాగమే. మూడోది, ఈకలు రాలి కొత్తవి వస్తుంటాయి. మగ తేనెపిట్ట సంతాన కాలంలో నీలి నలుపుతో మెరిసిపోతుంది. ఆ కాలం దాటాక గోధుమ, పసుపు రంగులోకి మారి, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్ల చార మాత్రమే మిగులుతుంది. రంగును నమ్మొద్దని మొదట్లో అన్నది ఇందుకే.

ఐదో మెట్టు: గొంతు

మన గొంతు పెట్టె గాలిగొట్టం పై చివర ఉంటుంది. పక్షులకు స్వరం పుట్టేది కింద, గాలిగొట్టం రెండుగా చీలి ఊపిరితిత్తుల్లోకి పోయే చోట. ఆ అవయవం పేరు సిరింక్స్. రెండు కొమ్మలు ఉన్నాయి కాబట్టి స్వరం పుట్టే చోట్లూ రెండు. పాట పిట్టలు (వాలే పక్షుల్లో ఒక పెద్ద శాఖ) ఈ రెండు వైపులనూ విడివిడిగా నడపగలవు. ఒకే పిట్ట ఒకేసారి రెండు స్వరాలు పలకడం అందుకే సాధ్యం. సిరింక్స్ చుట్టూ ఉండే చిన్న కండల జతలు పాట పిట్టల్లో ఎక్కువ.

ఈ లెక్కన చూస్తే మనకు కాస్త కష్టమైన నిజం ఒకటి బయటపడుతుంది: కాకి పాట పిట్ట, కోయిల కాదు. కాకి గొంతులో పాట పిట్టలకు ఉండాల్సిన యంత్రమంతా ఉంది. కోయిల వేరే క్రమం. గొంతు ఒక్కటే కాదు, తేడా నేర్చుకోవడంలో కూడా ఉంది. పాట పిట్ట పిల్లలు చుట్టూ ఉన్న పెద్ద పిట్టల పాట విని, గుర్తుపెట్టుకుని, మొదట తడబడుతూ గొణిగి, తర్వాత సరిదిద్దుకుంటాయి. చిన్నప్పుడు తమ జాతి పాట వినకుండా పెరిగిన పిట్ట సరైన పాట పాడలేదు. కోయిల పిల్ల కాకి గూట్లో, కాకుల అరుపుల మధ్య పెరుగుతుంది. అయినా పెద్దయ్యాక కూ అనే కూస్తుంది. దానికి గురువు అక్కర్లేదు.

వాలే పక్షులన్నీ పాట పిట్టలు కావన్నది కూడా గుర్తుంచుకోండి. చలికాలంలో మన తోటల్లోకి వచ్చే పొన్నంకి పిట్ట పాసెరిఫార్మిస్ గుంపుదే, కానీ పాట పిట్టల శాఖది కాదు. దాని ఈల చిన్నది, ఎప్పుడూ ఒకటే.

వినడం ఎలా? నోట్‌బుక్‌లో రెండు గళ్లు గీయండి. ఒకటి పాటకు, ఒకటి పిలుపుకు. పాట పొడవుగా, అల్లికగా ఉంటుంది, ఎక్కువగా సంతాన కాలంలో, ఎత్తైన చోటు నుంచి వస్తుంది. పిలుపు చిన్నది, ఏడాదంతా వినిపిస్తుంది. పాటకు మంచి ఉదాహరణ పెద్ద నల్లంచి. మార్చి నుంచి జూలై వరకు తెల్లవారుజామున మేడ మీద యాంటెన్నా చివరో, కొబ్బరి మట్ట కొనో పట్టుకుని, తోక పైకెత్తి పాడే నలుపు తెలుపు పిట్ట అది. ఆడది బూడిద రంగులో ఉంటుంది. ఒకే వరుసను ఎన్నిసార్లు తిప్పి పాడింది, ఎప్పుడు మార్చింది రాసుకోండి. పక్క వీధిలోంచి ఇంకొకటి బదులిస్తే ఆ రెండింటి మధ్య సరిహద్దు ఎక్కడో మీకే తెలుస్తుంది. పాటకు అర్థం చాలావరకు ‘ఈ చోటు నాది’, ‘నాకు జంట కావాలి’ అనే రెండు ముక్కలే.

పిలుపుల్లో ముందు నేర్చుకోవాల్సింది ప్రమాద సూచన. పిల్లి గానీ, పాము గానీ, కూర్చున్న గుడ్లగూబ గానీ కనిపిస్తే పిట్టలు గరగరమని తిడుతూ దాని చుట్టూ మూగుతాయి. ఎగిరే జాలె డేగ కనిపిస్తే మాత్రం సన్నగా, పదునుగా ఒక కూత కూసి పొదలోకి దూరిపోతాయి. అంత సన్నని కూత ఎటు నుంచి వచ్చిందో డేగకు పట్టుకోవడం కష్టం. ఈ రెండూ తెలిస్తే పెరట్లోకి పాము వచ్చిన సంగతి మీకంటే ముందు పిగిలిపిట్టలు చెబుతాయి.

మెర్లిన్ లాంటి యాప్‌లు గొంతు విని పేరు చెబుతాయి. వాడండి, తప్పు లేదు. కానీ యాప్ చెప్పిన పేరును పిట్టను కంటితో చూశాకే రాసుకోండి.

ఆరో మెట్టు: నడవడి

పసుల పోలిగాడు కాకి కంటే చిన్నది. అయినా గూటి దగ్గరికి వస్తే కాకినీ, గద్దనూ వెంటపడి పొడిచి తరుముతుంది. అందుకే చిన్న పిట్టలు కొన్ని దాని గూడున్న చెట్టు మీదే గూడు కట్టుకుంటాయి. పెద్ద రౌడీ ఉన్న వీధిలో చిల్లర దొంగల భయం ఉండదు మరి.

బైక్ అద్దం మీద పొద్దస్తమానం పోట్లాడే పిట్టను మీరు చూసే ఉంటారు. తేనెపిట్ట గానీ, నల్లంచి గానీ, పిగిలిపిట్ట గానీ అయి ఉంటుంది. దానికి పిచ్చి పట్టలేదు. అద్దంలో కనిపించేది తన హద్దులోకి చొరబడ్డ ఇంకో పిట్ట అనుకుంటుంది. వదిలేస్తే మేత మానేసి మరీ పొడుస్తుంది. సంతాన కాలం అయ్యేదాకా అద్దానికి గుడ్డ సంచి తొడిగేయండి.

ఏడో మెట్టు: గూడు

జూన్‌లో వానలు పడ్డాక నీటి పక్కన తాటిచెట్టో, తుమ్మచెట్టో చూడండి. బావి మీదికి వంగిన కొమ్మ అయితే ఇంకా మంచిది. గిజిగాళ్లు ఆ వేళకు పని మొదలుపెట్టేసి ఉంటాయి. నేల నుంచి, కనీసం ముప్పై నలభై అడుగుల దూరంలో కూర్చుని బైనాక్యులర్‌తో చూడాలి.

కట్టేది మగది. సంతాన కాలంలో దాని నడినెత్తి పసుపుగా ఉంటుంది. వరి ఆకు గానీ, గడ్డి ఆకు గానీ అంచున ముక్కుతో గాటు పెట్టి, కొసను పట్టుకుని ఎగురుతుంది. ఎగిరే ఊపుకే పొడవాటి పేలిక చీలి వస్తుంది. ముందు కొమ్మకు ముడి వేస్తుంది, తర్వాత వేలాడే ఉంగరం అల్లుతుంది. ఒక కాలితో పేలికను తొక్కిపట్టి, ముక్కుతో కొసను లోపలికి దూర్చి, అవతలి నుంచి లాగుతుంది. ఉంగరం మీద కప్పు వేస్తే హెల్మెట్ ఆకారం వస్తుంది. అక్కడికి సుమారు 8 రోజులు. ఒక గూటికి అది 500 సార్ల దాకా పోయి వస్తుంది.

హెల్మెట్ దశలో పని ఆపి, గూటికి కింద వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తూ కేకలు వేస్తుంది. ఆడది వచ్చి లోపలికి దూరి, లాగి, తొక్కి చూస్తుంది. నచ్చితేనే జంట. నచ్చకపోతే ఆ గూడు సగంలోనే మిగిలిపోతుంది. చెట్టు మీద సగం గూళ్లు అన్ని ఉండటానికి కారణం గాలివాన కాదు, ఆడపక్షుల తిరస్కారం. జంట కుదిరాక మగది కింద పొడవాటి గొట్టం దారి అల్లి గూడు పూర్తి చేస్తుంది. మొత్తం దాదాపు 18 రోజుల పని. ఆడది గుడ్ల మీద కూర్చోగానే మగది ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో జంట కోసం కేకలు వేస్తుంది. మిణుగురుల్ని మట్టిలో అంటించి గూట్లో దీపం పెట్టుకుంటుందని పెద్దలు చెప్పే కథ బాగుంటుంది గానీ, లోపల ఉండేవి ఉత్త మట్టి ముద్దలే.

మిగతావి ఇంటి దగ్గరే దొరుకుతాయి. దర్జీ పిట్ట వెడల్పాటి ఆకు అంచులకు ముక్కుతో చిల్లులు పొడిచి, సాలెగూటి దారాలు, దూది పోగులతో కుడుతుంది. ముడి వెయ్యదు, చిల్లులోంచి లాగిన పోగు బయట విచ్చుకుని నిలుస్తుంది. తేనెపిట్ట గూడు బట్టలు ఆరేసే తీగకు చెత్త చిక్కుకుని వేలాడినట్టు కనిపిస్తుంది. దులిపేసే ముందు దాని పక్కన చిన్న రంధ్రం, రంధ్రం పైన చూరు ఉన్నాయేమో చూడండి. పిగిలిపిట్ట అయితే పూలకుండీలోనే గిన్నెలాంటి గూడు పెడుతుంది. గుడ్లు పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు ఎగిరిపోయేదాకా సుమారు నాలుగు వారాలు. ఆ కుండీకి మగ్గుతో పక్క నుంచి నీళ్లు పోస్తే సరిపోతుంది.

గూడు కనిపించగానే దగ్గరికెళ్లి సెల్ఫీ తీయడం మానుకోండి. మీరు అక్కడే నిలబడటం కాకి చూస్తుంది. మీరు వెళ్లాక అది వస్తుంది. మన దేశపు పక్షుల్ని పట్టడం, పంజరంలో పెట్టడం, గూళ్లు, గుడ్లు తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. సంతల్లో రంగులేసి అమ్మే జీనువాయిలకూ ఇదే వర్తిస్తుంది, జాలిపడి కొనడం కూడా ఆ వ్యాపారాన్ని పెంచడమే.

ఎనిమిదో మెట్టు: కింద పడ్డ పిల్ల

వాలే పక్షుల పిల్లలు కళ్లు తెరవకుండా, ఒంటి మీద దాదాపు ఈకలు లేకుండా పుడతాయి. గూడు కదిలితే చాలు నోళ్లు తెరుస్తాయి. లోపలి ఎరుపు, అంచుల పసుపు తల్లికి మేత ఎక్కడ పెట్టాలో చూపించే గుర్తులు. పిల్ల వేసే రెట్ట చాలాసార్లు పల్చటి సంచిలో వస్తుంది, తల్లిదండ్రులు దాన్ని ముక్కున కరిచి దూరంగా పారేస్తాయి.

ఈకలు రాని పిల్ల కింద కనిపిస్తే, గూడు అందితే మెల్లగా అందులో పెట్టండి. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది వట్టి మాట. ఈకలు వచ్చి, తోక పొట్టిగా ఉండి, గెంతుతున్న పిల్ల అయితే అది పడిపోలేదు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉండి మేపుతుంటాయి. పిల్లినీ కుక్కనూ దూరంగా తోలి, పిల్లను పక్కనున్న పొదలో కొమ్మ మీద వాలనివ్వండి. పాలు పట్టొద్దు. ముక్కు తెరిచి నీళ్లు పోయనే పోయొద్దు, గాలిగొట్టం ద్వారం నాలుక వెనకే ఉంటుంది, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దెబ్బ తగిలి ఉంటే గాలి ఆడే అట్టపెట్టెలో, చీకట్లో ఉంచి అటవీ శాఖకు ఫోన్ చేయండి.

చివరి మెట్టు: రాసుకోవడం

ప్రతి పిట్టకూ ఈ వరుసలో రాయండి: తేదీ, వేళ, ఎక్కడ వాలింది, ఎంత ఎత్తులో, గెంతిందా నడిచిందా, ముక్కు ఆకారం, ఏం తింది, పాటా పిలుపా, ఎవరితో గొడవపడింది. రంగు ఆ తర్వాత, పేరు అన్నిటికంటే కింద. పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపొద్దు. జాబితాలు ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో పెడితే మీ ఊరి లెక్క పదిమందికీ ఉపయోగపడుతుంది. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపులో పదిహేను నిమిషాల లెక్క కూడా చెల్లుతుంది, మొదటి జాబితాకు అది మంచి సందర్భం. గూళ్ల ఫొటోలు, వాటి లొకేషన్ మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.